పొలం నుంచి శాసనసభకు, శాసనసభ నుంచి పొలానికి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పెండ్లిమర్రిలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న సంఘం పెద్దలకు, కూలి పని మానుకుని మరీ వచ్చిన అమ్మలకు నాయనలకు, వెనక వరసల్లో కూచుని ఫోన్లు చూసుకుంటున్న మా పిల్లలకు నమస్కారం.

పిల్లలూ, ఫోన్లు జేబులో పెట్టమని నేను చెప్పను. ఇది హాస్టల్ కాదు, సభ. నా మాట బాగుంటే మీరే పెడతారు.

ఈ సభకు రమ్మని సంఘం వాళ్లు పిలిచినప్పుడు ఏం మాట్లాడమంటారని అడిగాను. "ఎవరైనా మన గొప్పవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అన్నారు. ప్రతి ఏడాదీ ఆగస్టు 9న కొమురం భీమ్ గురించి చెప్పుకుంటాం. మన్యం పోరాటం గురించి చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఎప్పుడూ చనిపోయినవాళ్ల గురించే వింటుంటే, గొప్పతనం అంటే పాత కాలం సంగతి అని మీకు అనిపించవచ్చు. అందుకని ఈసారి మన కాలంలో, మన కళ్లముందే బతుకుతున్న ఒక రైతు గురించి చెబుతాను. ఆయన పేరు గుమ్మడి నర్సయ్య. కోయ ఆదివాసీ. ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి కారణం మా హాస్టల్ పిల్లవాడే. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు రోజూ ఒకరి చేత పేపరు చదివిస్తాను. ఒకరోజు గుమ్మడి నర్సయ్య జీవితం మీద సినిమా తీస్తున్నారని, కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ ఆయన వేషం వేస్తున్నాడని వార్త వచ్చింది. ఎమ్మెల్యేగా ఉండి సైకిల్ మీద తిరిగిన మనిషి అని అందులో రాశారు. చదవడం అయిపోగానే ఇంటర్ చదివే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "ఐదుసార్లు గెలిచి ఏం సంపాదించినాడు మేడం? సైకిలేనా?"

పిల్లలందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ రాత్రి పడుకున్నాక, నేను వాడికి జవాబు చెప్పలేదని గుర్తొచ్చింది. బీఈడీ చేసినదాన్ని, ఇన్నేళ్లుగా పిల్లల మధ్య ఉన్నదాన్ని, జవాబు లేక నవ్వేశాను. ఆ జవాబే ఈరోజు చెబుదామని వచ్చాను.

ముందే ఒక మాట. నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఏ పార్టీకీ ఓటు అడగడానికి ఇక్కడికి రాలేదు. నర్సయ్యగారి పార్టీ సిద్ధాంతం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అది మీ ఇష్టం. నేను చెప్పేది మనిషి గురించి, ఆయన పదవిని వాడిన తీరు గురించి.

ఆయన ఊరు పాత ఖమ్మం జిల్లా సింగరేణి మండలంలోని టేకులగూడెం. సింగరేణి అనగానే మీకు బొగ్గు గుర్తుకొస్తుంది. అంత పెద్ద కంపెనీకి ఆ పేరు వచ్చింది ఈ ఊరి వల్లే. ఇల్లందు దగ్గర 1889 ప్రాంతంలో బొగ్గు తవ్వడం మొదలైంది. భూమి కింద బొగ్గు, భూమి పైన అడవి. మధ్యలో కోయలు, లంబాడీలు, వాళ్ల చిన్న చిన్న చేలు. కింది సంపదా, పైన సంపదా ఇతరులకు పోతుంటే, మధ్యలో ఉన్నవాళ్లకు మిగిలింది పోడు వ్యవసాయం, కూలి పని, ఎండాకాలంలో తునికాకు.

తునికాకు సంగతి మన కడప పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. బీడీలు చుట్టే ఆకు అది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలోకి పోయి ఆకు కోసుకొస్తారు. 50 ఆకులు లెక్కపెట్టి ఒక కట్ట కడతారు. ఆ కట్టకు ఎన్ని పైసలు ఇస్తారన్నదే ఆ ఏడాది ఆ ఇంటి బతుకు. మనవాళ్లు చీనీ తోటలకూ అరటి తోటలకూ కూలికి పోయి గంపకింత అని తెచ్చుకుంటారే, అట్లాంటిదే. ఆ కట్ట రేటు పెంచమని, కూలి పెంచమని, పోడు చేసుకున్న భూమికి పట్టా ఇమ్మని 1970లు, 80లలో ఖమ్మం, వరంగల్ అడవుల్లో పెద్ద పోరాటాలు జరిగాయి. నర్సయ్యగారి పార్టీ సీపీఐ (ఎం.ఎల్.) న్యూడెమోక్రసీ ఆ పోరాటాల్లోంచి వచ్చిందే. ఎన్నికల రికార్డుల్లో మాత్రం ఆయన పేరు ఎదుట ఎక్కువగా స్వతంత్ర అభ్యర్థి అనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 1983లో ఎన్టీ రామారావుగారు పార్టీ పెట్టిన కొత్తలో 294 సీట్లకు 200కు పైగా తెలుగుదేశమే గెలిచింది. ఎవరు నిలబడినా కొట్టుకుపోయే గాలి అది. ఆ గాలిలో ఇల్లందులో గెలిచింది ఒక కోయ రైతు. 1985లో మళ్లీ ఎన్నికలొస్తే మళ్లీ ఆయనే. 1989లో ప్రభుత్వం మారి కాంగ్రెస్ వచ్చింది. ఇల్లందు మారలేదు, మళ్లీ ఆయనే. 1994లో సీపీఐ అభ్యర్థి ఊకె అబ్బయ్య చేతిలో ఓడిపోయారు. 1999లో, 2004లో మళ్లీ గెలిచారు. 2009లో ఓడిపోయారు, ఆ తర్వాత గెలవలేదు. అంతా కలిపితే 20 ఏళ్లకు పైగా శాసనసభలో ఉన్నారు. అప్పుడు పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు కూడా అదే సభలో ఉండేవారు. 1983 నుంచి 89 దాకా, మళ్లీ 1999 నుంచి 2009 దాకా ఇద్దరూ ఒకే సభలో సభ్యులు. మన దగ్గరి పులివెందుల పేరు రాష్ట్రమంతా తెలుసు. టేకులగూడెం పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఈ 20 ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా అధికార పార్టీలో లేరు. మంత్రి కాలేదు. అధికార పార్టీ ఎమ్మెల్యే ఫోను చేస్తే అధికారి లేచి నిలబడి మాట్లాడతాడు. ప్రతిపక్షంలో, అందులోనూ ఒంటరిగా ఉండే ఎమ్మెల్యేకు ఆ బలం ఉండదు. మరి ఆయన చేతిలో ఏముంటుంది? ఇది మీరు సివిక్స్‌లో మార్కుల కోసం చదివి మరిచిపోయిన పాఠమే. ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిని ప్రశ్న అడగవచ్చు. మంత్రి జవాబు చెప్పి తీరాలి, ఆ జవాబు రికార్డు అవుతుంది. జీరో అవర్‌లో అత్యవసరమైన విషయం లేవనెత్తవచ్చు. సావధాన తీర్మానం ఇవ్వవచ్చు. బడ్జెట్ పద్దుల మీద మాట్లాడవచ్చు. జనం ఇచ్చిన అర్జీ పట్టుకుని సచివాలయంలో ఏ శాఖకైనా పోవచ్చు. గట్టిగా చూస్తే ఆయుధాలు రెండే, నోరు ఒకటి, కాగితం ఒకటి. నర్సయ్యగారు ఆ రెంటితోనే ఐదు దఫాలు పనిచేశారు.

ఆయన బతికిన తీరు గురించి మీరు విన్నది నిజమే. నియోజకవర్గంలో సైకిల్ మీద తిరిగారు. హైదరాబాద్‌కు బస్సులోనో, రైల్లోనో పోయేవారు. ఎమ్మెల్యే జీతం పార్టీకి ఇచ్చేసి, పార్టీ ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో బతికారు. పదవి పోయాక ఊరికి తిరిగొచ్చి సేద్యం చేసుకుంటున్నారు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. పేదగా బతకడమే గొప్ప అని నేను చెప్పడం లేదు. పేదరికం ఏంటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీరు చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, మంచి ఇల్లు కట్టుకుని, అమ్మకు మంచి చీర కొనిపెడితే నాకంటే సంతోషపడేవాళ్లు ఉండరు. ఆయన సైకిల్ గొప్పది కాదు. ఆ సైకిల్ వల్ల జరిగింది గొప్పది. కారులో అద్దాలు ఎత్తుకుని పోయేవాడిని రోడ్డు మీద ఆపి మాట్లాడలేం. సైకిల్ మీద పోయేవాడిని ఎవరైనా ఆపవచ్చు. తునికాకు మోసుకొచ్చే అవ్వ ఆపవచ్చు, పోడు కేసులో ఇరుక్కున్న రైతు ఆపవచ్చు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, మధ్యవర్తి అక్కర్లేదు, ఫ్లెక్సీ కట్టి మెప్పించక్కర్లేదు. పొలం నుంచి పోయిన మనిషి పొలానికి అందుబాటులోనే ఉన్నాడు. నాకు అర్థమైన గొప్పతనం అదీ.

ఆయన ఒక్కరే కాదు. ఆ పక్కనే భద్రాచలం నుంచి కుంజా బొజ్జిగారు 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిచారు. ఆయనా కోయ ఆదివాసే, అంత సాదాగానే బతికి 2021లో కన్నుమూశారు. అక్కడి నుంచే సున్నం రాజయ్యగారు 1999, 2004, 2014లో మూడుసార్లు గెలిచారు. ఆటోలో వచ్చిన రాజయ్యగారిని ఎమ్మెల్యే అంటే నమ్మక సచివాలయం గేటు దగ్గర ఆపేశారని అప్పట్లో పేపర్లు రాశాయి. ఆయన 2020లో కరోనా సమయంలో పోయారు.

గేటు అనగానే నాకు ఇంకో రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి నర్సయ్యగారిది, ఒకటి మా నాయనది.

2025 ఫిబ్రవరిలో నర్సయ్యగారు తమ ప్రాంత సమస్యల మీద అర్జీ పట్టుకుని ముఖ్యమంత్రిని కలవడానికి హైదరాబాద్ పోయారు. ఇంటి గేటు బయటే ఆగిపోవాల్సి వచ్చింది. ఐదుసార్లు ఎమ్మెల్యే అయిన పెద్దమనిషి రోడ్డు పక్కన నిలబడి ఉన్న దృశ్యం ఫోన్లన్నిట్లో తిరిగింది. మీలో కొందరు చూసే ఉంటారు. తర్వాత ముఖ్యమంత్రి ఆయన్ను పిలిపించుకుని మాట్లాడారు, అర్జీ తీసుకున్నారు. అంతవరకు మంచిదే. నాకు మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. పదవి పోయి 15 ఏళ్లు దాటింది, అయినా ఆ చేతిలో కాగితం ఉంది. అది తన సొంత పని కోసం కాదు.

ఇప్పుడు మా నాయన సంగతి. మేం ఎరుకల వాళ్లం. మా జేజినాయన పడుచువాడుగా ఉన్నప్పుడు రోజూ రాత్రి పోలీసు స్టేషన్‌లోనో, గ్రామ మునసబు దగ్గరో హాజరు వేయించుకోవాల్సి వచ్చేదట. ఏ తప్పూ చేయకపోయినా, పుట్టిన కులమే నేరం. 1871లో ఇంగ్లీషు వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం అట్లాంటిది. దేశమంతా అది పూర్తిగా రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లయ్యాక. చట్టం పోయింది గానీ మా ఇంట్లో భయం పోలేదు. ఆఫీసు గేటు కనిపిస్తే మా నాయన కాళ్లు తడబడేవి. ఈత బరికెలతో గంపలల్లి సంతలో అమ్మే మనిషి, బేరంలో ఎవరికీ తగ్గేవాడు కాదు. అదే మనిషి ఆఫీసు ముందుకు పోతే గొంతు పెగిలేది కాదు.

పదో తరగతి అయ్యాక నాకు కాలేజీలో చేరడానికి కులధ్రువీకరణ పత్రం కావాల్సి వచ్చింది. మా నాయన నాలుగుసార్లు తిరిగాడు. ఒకసారి సారు లేడన్నారు. ఒకసారి కాగితం సరిగ్గా రాయలేదన్నారు. ఒకసారి రేపు రమ్మన్నారు. నాలుగోసారి గేటు బయట చెట్టు కింద పొద్దున్నించి సాయంత్రం దాకా కూచుని వచ్చేశాడు. అర్జీ రాసిపెట్టేవాడికి ఇచ్చిన డబ్బు నాలుగు గంపల ఖరీదు. ఆ రాత్రి "చదువు చాల్లే పాపా" అన్నాడు. కోపంతో కాదు, సిగ్గుతో అన్నాడు. నాకోసం ఆ గేటు దాటలేకపోయానన్న సిగ్గు అది.

మరుసటి రోజు మా తెలుగు అయ్యవారి దగ్గరికి పోయి, అర్జీ ఎట్లా రాయాలో అడిగి నేర్చుకున్నాను. ఎవరికి, ఎవరి నుంచి, విషయం ఏంటి, జత చేసిన కాగితాలు ఏంటి, తేదీ, సంతకం. ఇంతే. ఒక పేజీ కూడా లేదు. రెండు ప్రతులు రాసుకుని నాయన్ను వెంటబెట్టుకుని పోయాను. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం అడిగాను. ఆ గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టాడు. పది రోజులకు పత్రం వచ్చింది. ఈరోజు నేను ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానంటే, ఆ రెండో ప్రతి మీద పడిన సంతకమే కారణం.

కాబట్టి నర్సయ్యగారి చేతిలో కాగితం చూస్తే నాకు మా నాయన గుర్తొస్తాడు. అర్జీ రాయడం రానివాళ్ల తరఫున ఎవరో ఒకరు గేటు దాటి లోపలికి పోవాలి. ఎమ్మెల్యే అంటే ఆ పని చేయడానికి జనం నియమించుకున్న మనిషి. మనం ఇచ్చిన బాధ్యత అది, ఆయన మనకు చేసే దయ కాదు.

మీరు అడగవచ్చు, "మేడం, అక్కడ ఇల్లందు ఎస్టీ సీటు. మన జిల్లాలో ఏముంది?" అని. న్యాయమైన ప్రశ్నే. రాజ్యాంగంలోని 332వ అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభల్లో ఎస్టీలకు సీట్లు కేటాయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లలో 7 ఎస్టీలకు ఉన్నాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. తెలంగాణలో 119కి 12 ఉన్నాయి, వాటిలో ఇల్లందు ఒకటి. మన రాయలసీమలో ఒక్కటి కూడా లేదు. ఇక్కడి ఎరుకలలు, యానాదులు, సుగాలీలు ఊరికి పదిళ్లు, తండాకు ముప్పై ఇళ్లుగా చెదిరి ఉన్నారు. ఒకచోట ఎక్కువ సంఖ్యలో లేము కాబట్టి సీటు మన దాకా రాదు. ఐదో షెడ్యూల్ ప్రాంతం కూడా మన జిల్లాలో లేదు. అందుకే ఏజెన్సీ భూములను కాపాడే 1/70 చట్టం, 1996 నాటి పీసా చట్టం మనకు వర్తించవు.

అయితే మన చేతులు ఖాళీ కాదు. 2006 అటవీ హక్కుల చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనుడు మన జిల్లాలో ఉన్నా హక్కు కోరవచ్చు. పంచాయతీల్లో ఎస్టీలకు వార్డులూ సర్పంచ్ పదవులూ జనాభాను బట్టి, వంతుల వారీగా వస్తాయి. వార్డు సభ్యుడిగా నిలబడడానికి 21 ఏళ్లు నిండితే చాలు. ఎమ్మెల్యేకు 25 కావాలి. మీలో కొందరికి 21 దగ్గర్లోనే ఉన్నాయి. ఎస్టీ వార్డు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో మనకు తెలుసు. ఊరి పెద్ద ఎవరో ఒకరు మన ఇంట్లోంచి చదువురాని ఒకామెను నిలబెట్టి, గెలిపించి, కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటున్నాడు. సీటు మనదే, సంతకం మాత్రం మనది కాదు. నర్సయ్యగారి జీవితం మనకు పనికొచ్చేది ఇక్కడే. ఆయన్ను నిలబెట్టినవాళ్లు ఆయనతో పాటు కూలికి పోయినవాళ్లు, పోడు చేసినవాళ్లు. అందుకే ఆయన జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లకే.

ఎన్నికలొస్తే మన పిల్లలు కొందరు బైకులకు జెండాలు కట్టుకుని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా తిరుగుతారు. పెట్రోలు పోస్తారు, బిర్యానీ పెడతారు, ఫ్లెక్సీలో చివరి వరసలో తపాలా బిళ్లంత ఫొటో వేస్తారు. నేను తిట్టడం లేదు నాయనా. ఆ వయసులో ఎవరైనా గుర్తించాలని ఉంటుంది. ఒక్కటే అడుగుతున్నాను. ఆ నాయకుడి దగ్గరికి మీ తండా నీళ్ల సమస్య మీద కాగితం పట్టుకుని ఎప్పుడైనా పోయారా? పోతే గేటు తీశారా?

వచ్చే ఏడాది ఇదే సభకు వచ్చేలోపు మీరు మూడు పనులు చేయాలని కోరుతున్నాను.

మొదటిది, మీ ఇంటి కాగితాలు. కులపత్రం, ఆధార్‌లో పేరు, రేషన్ కార్డు, భూమి ఉంటే డీకేటీ పట్టా, అడంగల్. అన్నిట్లో పేరు ఒకేలా ఉందా చూడండి. ఒక అక్షరం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది, తర్వాత దానికి సవరణలూ జరిగాయి. మీ పట్టా ఏ సంవత్సరంలో ఇచ్చినది, ఎవరి పేరు మీద ఉంది, ఇప్పుడు ఎవరి సాగులో ఉంది, ఇవి తెలుసుకోండి.

రెండోది, ఓటు. 18 నిండినవాళ్లు ఫారం 6 నింపండి. 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓటు ఎవరికి వేస్తారన్నది నాకు అక్కర్లేదు. జాబితాలో పేరు ఉండాలి.

మూడోది, ఒక్కొక్కరు ఒక్క అర్జీ రాయాలి. మీ ఇంటిది కాదు, మీ పక్కింటి వాళ్లది. రాయడం రాని అవ్వ కోసమో, పింఛను ఆగిన తాత కోసమో. రెండు ప్రతులు రాయండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద, ఆ అర్జీ ఎంతవరకు వచ్చిందని అడగండి. 30 రోజుల్లోగా జవాబు చెప్పాలి. గొంతు పెంచక్కర్లేదు, చేతులు కట్టుకోనూ అక్కర్లేదు.

ఇంక ఆ పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. వాడి అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు చెప్పను. "ఏం సంపాదించినాడు" అని వాడు ఎగతాళిగా అడిగాడనుకున్నాను. తర్వాత తెలిసింది, వాడు హాస్టల్ వదిలి చీనీ తోటలో పనికి పోవడానికి బట్టలు సర్దుకున్నాడని. వాళ్ల నాయనకు రెండెకరాల డీకేటీ భూమి ఉంది. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కలేదు. పేరు లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, శనక్కాయలు వేయడానికి వడ్డీకి తెచ్చారు, వాన రాలేదు. వడ్డీ కట్టడానికి కొడుకు కూలి కావాలి. ఏం సంపాదించినాడని వాడు అడిగింది అందుకు. సంపాదన లేని మంచితనంతో మా ఇంటి అప్పు తీరుతుందా అన్నది వాడి అసలు ప్రశ్న.

తీరదు. నర్సయ్యగారి జీవితం చదివితే ఎవరి అప్పూ తీరదు. కానీ మేమిద్దరం కూచుని వాళ్ల నాయన పేరుతో అర్జీ రాశాం. మొదటి ప్రతి నేను చెప్పాను, వాడు రాశాడు. రెండో ప్రతి వాడే సొంతంగా రాశాడు, నాకంటే బాగా. సోమవారం నాడు నాయన్ను తీసుకుని పోయి ఇచ్చి, రసీదు తెచ్చి నాకు చూపించాడు. పేరు ఇంకా ఎక్కలేదు. ఎక్కిందని మీకు అబద్ధం చెప్పి చప్పట్లు కొట్టించుకోను. కానీ వాడు చీనీ తోటకు పోలేదు. ఈ వారంలోనే తన తండాలో ఇంకో ముగ్గురికి రాసిపెట్టాడు. ఇప్పుడు ఇక్కడే కూచుని ఉన్నాడు.

నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. 2025లో ఆ పెద్దాయన గేటు బయట నిలబడినప్పుడు, ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్లు కూడా "ఇది తప్పు, ఆయన్ను లోపలికి పిలవండి" అన్నారు. ఆయన పార్టీ వాళ్లే కాదు, ఏ పార్టీకీ చెందనివాళ్లు కూడా అన్నారు. చేతిలో పదవి లేదు, వెనక డబ్బు లేదు. అయినా అంతమంది తమ ఇంటి పెద్దను ఆపినట్టు బాధపడ్డారు. 20 ఏళ్లలో ఆయన సంపాదించింది అదీ. అది కొనడానికి దొరకదు, అమ్ముకోవడానికీ కుదరదు.

మా జేజినాయన స్టేషన్‌లో హాజరు వేసుకున్నాడు. మా నాయన గేటు బయట చెట్టు కింద కూచున్నాడు. నేను గేటు లోపలికి పోయి సంతకం అడిగాను. మీ తరం ఆ కుర్చీలో కూచుని, బయట నిలబడినవాళ్లను లోపలికి పిలవాలి. అది ఎమ్మార్వో కుర్చీ కావచ్చు, సర్పంచ్ కుర్చీ కావచ్చు, శాసనసభలో కుర్చీ కావచ్చు. అక్కడికి పోయినా సరే, సాయంత్రానికి మన ఊరికి తిరిగొచ్చే దారి మాత్రం మరిచిపోకండి.

వెనక వరసల్లో ఫోన్లు జేబులో పెట్టిన పిల్లలకు ఇంకోసారి నమస్కారం.